నిమ్మపాదుల్లో ఉప్పుచేప

బందరు మార్కెట్లో ఎండుచేపల కొట్ల ముందు జనం ముక్కులకు చెంగులూ చేతిరుమాళ్ళూ అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నాకు మాత్రం అక్కడికి రాగానే అడుగు పడదు. ఇష్టమై కాదు. ఆ వాసన తగిలితే చాలు, అరవై యేళ్ళ క్రితం దివిసీమలో, మోపిదేవికి అయిదారు మైళ్ళ దూరంలో ఉన్న మా ఇంటి పెరడూ, అందులో మా అమ్మ పెంచిన పన్నెండు నిమ్మచెట్లూ కళ్ళముందు నిలబడతాయి. వాటి పక్కనే తలొంచుకుని ఎనిమిదేళ్ళ నేనూ నిలబడి ఉంటాను.

నాన్న మిషను బడిలో పంతులు. అమ్మది గుడివాడ దగ్గర పల్లె. కాపురానికొచ్చిన యేడాదే నాటిందట ఆ చెట్లను. చుట్టూ మోకాలి లోతు నీళ్ళలో వరి పండే నేల, నిమ్మకేమో మొదలు దగ్గర నీరు నిలిస్తే పడదు. అందుకని చెరువుమట్టి గంపలతో మోసి, ఎత్తుగా కట్టలు పోసి, వాటిమీద నాటింది. ఎండలు ముదిరాక నెల్లాళ్ళు నీళ్ళు మానేసి, ఆకు కాస్త ముడుచుకునేదాకా చెట్టును వాడబెట్టి, అప్పుడు మొదలుకు మూరెడు దూరంలో చుట్టూ పాదు తవ్వి, సన్నటి వేళ్ళకు నాలుగు రోజులు ఎండ చూపించి, ఎరువు వేసి నీళ్ళు పెట్టేది. రెండు వారాలు తిరిగేసరికి కొమ్మకొమ్మా పూసి, పెరడంతా తేనెటీగల రొదతో నిండిపోయేది. చెట్లను వాడబెట్టిన ఆ నెల్లాళ్ళూ అమ్మకు కూడా అన్నం సయించేది కాదు, రోజుకు పదిసార్లు పెరట్లోకి వెళ్ళి ఆకులు తడిమి చూసుకునేది.

నాకూ ఒక పనుండేది. పిట్ట రెట్టలా కనిపిస్తూ ఆకుమీద కదలకుండా పడుకునే పురుగుల్ని ఏరి బూడిద చట్టిలో వెయ్యడం నా వంతు. తాకితే ఎర్రటి కొమ్ములు బయటపెట్టి కంపు కొట్టేవి, నేను కెవ్వుమని అరిచేదాన్ని. బంక కారే మానుకు సున్నమూ మైలుతుత్తమూ కలిపి పూసేది అమ్మ. క్రిస్మస్‌ నాటికి కాయలు పసుపెక్కేవి. ఆ రోజు మా వీధిలో ఏ ఇంట కోడికూర వండినా దానిమీద పిండేది మా నిమ్మచెక్కే. ఊళ్ళో నాన్నను 'నిమ్మతోట పంతులు గారు' అనేవాళ్ళు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన మొహం మాడ్చుకునేవాడు. తోట పెళ్ళాందని అందరికీ తెలుసు మరి!

ఆ చెట్లకు అమ్మ వేసే ఎరువు మాగిన పేడా, చేప ఎరువూ. సముద్రపొడ్డు పల్లె నుంచి వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని వచ్చే నాంచారమ్మ, చేపల తలలూ పేగులూ తట్టకెత్తి తెచ్చేది. "ఉప్పు సోకనే లేదు అమ్మగారండీ, పడవ దిగినయ్యి దిగినట్టే తెచ్చా" అంటూ తనే పెరటి మూల తీసిన గోతిలో గుమ్మరించేది. ఎండుటాకొక వరస, మట్టొక వరస వేసి, యేడాది మాగాక గాని అమ్మ దాన్ని చెట్టు దరిదాపులకు రానిచ్చేది కాదు. పని అయ్యాక ఇద్దరూ అరుగుమీద కూర్చుని మజ్జిగలో నిమ్మాకు నలిపి వేసుకుని తాగుతూ, ఎంతసేపైనా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అమ్మ అంతగా నవ్వడం నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు.

తమ్ముడు కడుపున ఉన్నప్పుడు అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. బడి ఉందని నన్ను నాన్న దగ్గర, నాయనమ్మ దగ్గర వదిలింది. ఆ వేసవిలో నాన్నకు తోట మీద పెత్తనం చెయ్యాలని బుద్ధి పుట్టింది. మా సీమలో తొలకరికి ముందు కొబ్బరి మొదట్లో ఉప్పు వెయ్యడం వాడుక. ఆయనా తన కొబ్బరిచెట్లకు వేసేవాడు, గెలలు బాగానే దిగేవి. కొబ్బరికి మంచిదైతే నిమ్మకు చెడ్డదెలా అవుతుందని ఆయన లెక్క. నాంచారమ్మను పిలిచి రెండు గంపల చేప తుక్కు తెమ్మన్నాడు.

"పచ్చియ్యి లేవండి పంతులు గారూ. ఉప్పులో నానిన తుక్కే ఉంది. కొబ్బరికైతే ఏసుకోండి, నిమ్మకొద్దండి బాబూ, అమ్మగారి చెట్లు మాడిపోతాయి" అంది ఆమె.

"చెట్టుకేం వెయ్యాలో నువ్వు చెబుతావా నాకు? తెమ్మంటే తే!"

నేను పక్కనే పలకమీద ఎక్కాలు రాసుకుంటున్నాను. ప్రతి మాటా విన్నాను.

ఆమె తెచ్చింది. నాన్న కూలివాళ్ళచేత పాదులు మొదలుదాకా తవ్వించి, ఉప్పోడుతున్న ఆ తుక్కు నింపించి, పైన నాలుగేసి బిందెలు పోయించాడు. సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేశారు. మళ్ళీ నీళ్ళు పెట్టడానికి లేక, ఉప్పు కిందికి దిగే దారి లేకపోయింది. వారం తిరగకుండా ఆకుల అంచులు కాల్చినట్టు ఎర్రబడ్డాయి. తరవాత ఆకు రాలింది, పిందె రాలింది. నాయనమ్మ చూసి "ఓరి దేవుడా, కోడలికేం చెబుతావురా!" అని గుండెలు బాదుకుంది.

ఏం చెప్పాలో నాన్న ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. మూడో నెల బిడ్డను చంకనేసుకుని అమ్మ బండి దిగగానే, "నాంచారమ్మ దొంగముండ, పచ్చివని చెప్పి ఉప్పుచేపలు అంటగట్టింది" అన్నాడు. తన అబద్ధాన్ని తానే నమ్మినంత కోపం తెచ్చుకుని మరీ అన్నాడు.

అమ్మ మోడుల మధ్య ఒకసారి నడిచొచ్చి, నన్ను దొడ్లోకి పిలిచింది. "నువ్వున్నావుగా ఇంట్లో. ఏమైందే?"

"నాకు తెలీదమ్మా."

నాన్న బెత్తం ఇంట్లోనూ ఒకటే, బళ్ళోనూ ఒకటే. భయపడ్డాను. అంతే.

మర్నాడు నాంచారమ్మ వచ్చింది. నాన్న గుమ్మంలోనే నిలబెట్టి వీధంతా వినేలా కేకలేశాడు. మా తాతల తరంలో చెయ్యని తప్పులకు పెద్దకులాలవాళ్ళ చేత మావాళ్ళెన్ని మాటలు పడ్డారో ప్రతి ఆదివారం మాకు చెప్పే మనిషే! ఆమె గంప కిందికి దించింది. నావైపు చూసింది. "పాపా, నువ్వక్కడే ఉన్నావు గదమ్మా, చెప్పు" అంది. నేను తలొంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడ్డాను. ఆమె గంప తనే తలకెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత మా వీధిలో ఆమె దగ్గర ఎవరూ చేప కొనలేదు. బంటుమిల్లి వైపు తిరుగుతోందని ఎవరో అన్నారు, నిజమో కాదో తెలియదు.

పచ్చి బాలింత అమ్మ పాదుల్లోని మట్టంతా ఎత్తిపోసి, మంచినీళ్ళ చెరువు నుంచి బిందెలతో మోసి మోసి వేళ్ళు కడిగింది. మూడు చెట్లు చిగిర్చాయి. తొమ్మిది పొయ్యిలోకి పోయాయి. మజ్జిగలో నిమ్మాకు వెయ్యడం అమ్మ మానేసింది. అసలు సంగతి ఆమెకు తెలుసో తెలియదో, చనిపోయేదాకా నన్ను మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడా పెరడు లేదు, అక్కడ రొయ్యల చెరువు. మా ఇంట్లో మిగిలిందల్లా ఒక్క మాట. ఎవరు ఎవరిని మోసం చేసినా మావాళ్ళు 'నాంచారమ్మ ఎరువు వేశారు' అంటారు. పోయిన నెల తమ్ముడింట్లో భోజనాల దగ్గర వాడి మనవరాలు ఆ మాటంది, అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కంచం ముందే చెప్పేశాను, ఆమె వద్దందని, వేయించింది నాన్నేనని, నేను విన్నానని.

"పోనీలే అక్కా, నాన్న పోయి ముప్ఫయ్యేళ్ళయింది. ఇప్పుడెందుకా గొడవ?" అన్నాడు తమ్ముడు, కూర గిన్నె నావైపు జరుపుతూ.

నాంచారమ్మ పోయి ఎన్నేళ్ళయిందో మాలో ఎవరికీ తెలియదు.