ఎద్దుల ముందు నడిచిన మనిషి

దయ్యాలున్నాయని నాతో ఒప్పించాలని చాలామంది చూశారు. ఎవరి వల్లా కాలేదు. నేను బడికి పోయినవాణ్ణి కాను. కిరాణా దుకాణం పొట్లాల కాగితాలు విప్పి చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అట్లా నేర్చుకున్నవాడు ఎవరేం చెప్పినా ఊరికే నమ్మడు. నిమ్మకాయలు కోసి, మనవాళ్ళ మేకపోతును తమ ఇంటికి తోలుకుపోయే మంత్రగాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఈ మధ్య మా మనవడి దోస్తులు కార్లేసుకొని సిద్దిపేట చుట్టుపక్కల ఎవరికీ తెలియని కల్లు జాగలు వెతుకుతున్నారు. దొరికితే ఫోటోలు. "తాతా, నీకేమన్న ఎర్కేనా?" అని నన్నడిగారు. ఎరుకే. నేనూ ఒకప్పుడు ఒక మధ్యాహ్నమంతా అట్లాగే వెతికాను. సరదాకు కాదు.

అప్పటికి నిజాం రాజ్యం ఇంకా పోలేదు. మా బాపు ఎడ్లబండి తోలేవాడు. సిద్దిపేట బజారు నుంచి కోహెడకు, హుస్నాబాదుకు సామాను చేరవేసేవాడు. బజారులో గుత్తేదారు అమ్మించే కల్లు ముట్టేవాడు కాదు. అది కల్లు కాదు, కుడితి అనేవాడు. దారిలో ఎక్కడో తనకో జాగ ఉండేది. ఎక్కడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మంచి జాగ తెలిసినవాడు చెప్పడు. నలుగురికి తెలిస్తే ఆబ్కారీ వాళ్ళకూ తెలుస్తుంది.

జ్వరం వచ్చి బాపు పోయాడు. మూడోనాడు పొద్దున్నే సమాధి దగ్గర పిట్టకు పెట్టాం. అన్నం, కూర, చుట్ట, రేకలో కల్లు. తాటాకు మడిచి చేసిన దోనెను మేము రేక అంటాం. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవానికి తృప్తి అయిందని, ఇంటివాళ్ళు తినవచ్చని లెక్క. కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. దిగలేదు.

ఆయన పోయిన దగ్గరి నుంచి అవ్వ, అంటే మా అమ్మ, మెతుకు ముట్టలేదు. ఆ రోజు నీళ్ళు కూడా వద్దంది. పిట్ట ముట్టేదాకా గొంతు తడపనని సమాధి పక్కనే కూర్చుంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి కూర్చోలేక ఒరిగింది. పెదవులు పగిలి తెల్లబడ్డాయి. పొద్దు గూకితే కాకులు గూటికి పోతాయి. ఇంకో రాత్రి ఆమె ఆగేటట్టు లేదు. నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

మా మేనమామ లచ్చయ్య, అంటే అవ్వ తమ్ముడు, రేక వైపు చూసి అన్నాడు. "బజారు కల్లు వోసిన్రు. మా బావ బతికుండంగనే ముట్టలే, ఇప్పుడు ముడ్తడా? ఆయన తాగే జాగకు పోయి తెద్దాం పా."

ఆ జాగ నీకు తెలుసా అంటే, తెలియదు గానీ వెతికితే దొరకదా అన్నాడు. బాపు బండే కట్టాం. పగ్గాలు నేను పట్టాను.

మొదట నేతగాళ్ళ వాడ వెనక ఒక ముసలమ్మ పెరట్లోకి పోయాం. అక్కడ అందరూ నిలబడే తాగుతున్నారు. కూర్చుంటే మళ్ళీ మగ్గం దగ్గరికి పోరని ఆమె కూర్చోనిచ్చేది కాదట. బాపు పేరు చెబితే ఎరగనంది. ఊరు దాటాక ఒక ఎండిన మోటబావి. మనుషులు బావి లోపల మెట్ల మీద చల్లగా కూర్చుంటే, పై నుంచి కల్లు లొట్టిని, అంటే కుండను, తాడు కట్టి దింపుతున్నారు. ఆబ్కారీ జవాను పక్కనుంచే పోయినా ఒక్క మనిషి కనిపించడు. అక్కడా ఎవరూ ఎరగరు. తర్వాత గుట్ట కింద గుండ్ల నడుమ ఒక చెవిటాయన. ఎన్ని రేకలు కావాలో వేళ్ళు చూపాలి. బాపు ఎవరో వేళ్ళతో చెప్పడం మా వల్ల కాలేదు.

ప్రతిచోటా మామ ఒక రేక పట్టాడు. "రుచి సూడకుంట ఎట్ల ఎర్కయితదిరా అల్లుడా?" అన్నాడు. నేను చుక్క ముట్టలేదు. కర్మ చేసేవాణ్ణి, అన్నమే తినలేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, కల్లు మత్తులో కన్నదేదో రాశాడనే మహానుభావులుంటారు. వాళ్ళ కోసం.

పొద్దు వాలుతోంది. మామ బండిలో ఒరిగాడు. ఇక వెనక్కి తిప్పుదామనుకుంటుండగా ఎడ్లు వాటంతట అవే కోహెడ బాట వదిలి పక్కకు మళ్ళాయి. పగ్గం లాగాను. ఆగలేదు. రెండు వైపులా ముళ్ళకంప, బండి పట్టేంత సందు. నేను ముందుకే చూస్తున్నాను. ఆ సందులో మనిషన్నవాడు లేడు. చివర కొన్ని తాటిచెట్లు, వాటి కింద ఒక గుడిసె. ఎడ్లు అక్కడ ఆగి తలలు దించాయి.

ఇందులో వింత లేదు. ఎప్పుడూ ఆపే చోట ఎద్దు ఆగుతుంది. అప్పుడు నేననుకున్నది అదే.

తాడి మీద కల్లు గీస్తున్న ముసలాయన దిగి వచ్చాడు. ఆకు చీల్చి మూడు రేకలు మడిచాడు. మేమిద్దరమే.

"మూడోది ఎవలికి తాతా?" అన్నాను.

"మీ బండాయినకు. ముంగట నడుస్తుండె గదా, ఎద్దు కొమ్ము వట్టుకొని. ఏడి, ఎటువాయె?" అని అటూ ఇటూ చూశాడు. "ఇయ్యాల నెత్తికి రుమాలు లేదేంది? గింత ఎండల."

మామకు మత్తు దిగిపోయింది. "మా బావ సచ్చి మూడొద్దులాయె" అన్నాడు.

ముసలాయన చేతిలోని రేకను కింద పెట్టాడు. "నేను మీదికెల్లి సూసిన. నాకు గంతే ఎర్క" అని లొట్టి నింపి ఇచ్చాడు.

తిరిగి వచ్చి ఆ కల్లు రేకలో పోశాం. కాకులు అట్లాగే కూర్చున్నాయి. ఎండ పసుపు తిరిగింది. నేను వద్దంటున్నా వినకుండా మామ జరిగిందంతా అవ్వకు చెప్పేశాడు. ఆమె కళ్ళు మూసుకొనే విన్నది. రుమాలు మాట దగ్గర తెరిచింది.

"రుమాలు లేదన్నడా?"

"లేదన్నడక్కా."

చేత్తో ఊతం పట్టి లేచింది. కొంగు చాటున నడుము దగ్గర దోపుకున్నది బయటికి తీసింది. బాపు ఎర్ర రుమాలు. అది లేకుండా ఆయన గడప దాటేవాడు కాదు. చివరి స్నానం చేయించేటప్పుడు ఆమె దాన్ని తీసి దాచిందని మాలో ఎవరికీ తెలియదు. పూడ్చేటప్పుడు తలకు ఉందా లేదా అని నేను చూడను కూడా లేదు.

"జర వాసనన్న ఉంటదని ఉంచుకున్న" అంది. "ఎండల తిరుగుతుండు."

రుమాలు మడత విప్పి రేక పక్కన పెట్టింది. మేము వెనక్కి జరిగాం. కాకి దిగింది. అంత తిరిగి తెచ్చిన కల్లును ముట్టలేదు. అన్నం ముట్టింది.

తర్వాత ఆ తాటిచెట్ల దగ్గరికి చాలాసార్లు పోయాను. బాపు పోయిన ఆ మూడు రోజుల్లో ముసలాయన ఊళ్ళోకి రాలేదు, మావాళ్ళెవరూ అక్కడికి పోలేదు. ఎడ్లను గుర్తుపట్టి, అలవాటు కొద్దీ మనిషిని కూడా చూసినట్టు అనుకున్నావేమో అని ఆయనతో నేనే అన్నాను. కానీ అలవాటు కొద్దీ అయితే రుమాలుతో కనిపించాలి గదా. ఆయన ఎన్నిసార్లడిగినా అదే చెప్పాడు. ఒక్క మాట పెంచలేదు.

పెద్ద చదువు చదివిన ఒకాయన ఇదంతా భ్రమ అని తేల్చేశాడు. ఎవరి భ్రమ అయ్యా, ముసలాయనదా, కాకిదా అని అడిగాను. నవ్వి చాయ్ తాగాడు. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఆయనకు చదువు అడ్డమొచ్చింది.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఆ రోజు ఎద్దుల ముందు నడిచింది ఎవరో మాత్రం చెప్పలేను. ఆ సాయంత్రం అవ్వ చెంబెడు నీళ్ళు తాగి, సమాధి పక్కనే కూర్చొని అన్నం తిన్నది. నేనే పెట్టాను. గబగబా తింటుంటే మెల్లగా తినమని కూడా నాకు నోరు రాలేదు.