లాప్‌టాప్‌కు మళ్లీ పరీక్ష

మా అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న నూట పద్దెనిమిదో రోజున మా ఇంటికి లాప్‌టాప్ వచ్చింది. ఆ లెక్క క్యాలెండర్ మీద నేను రోజూ పెన్సిల్‌తో పెట్టిన గీతలది.

బీదర్‌లో మేమిద్దరమే ఉంటాం. అక్క నర్సుగా చేసింది. నేను కన్నడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఎక్కాలు ఇప్పటికీ నా నోట కన్నడంలోనే వస్తాయి. వార్డంతా నవ్వించిన అక్క, మంచం పట్టాక గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. టీవీ హాల్లో ఉంది. నలుగురు మోసుకుపోతే గానీ చూడలేని టీవీ తనకొద్దంది. మూడో నెల దాటాక పిలిస్తే పలకడం కూడా తగ్గించింది.

హైదరాబాద్ రోజుకో కొత్త అంతస్తు వేసుకుంటున్న కాలం అది. మా చెల్లెలి కూతురు అక్కడ కంప్యూటర్ కంపెనీలో చేరి ఏడాదిన్నర అయింది. ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దిగి వచ్చి, నల్ల సంచీలోంచి దాన్ని తీసి అక్క మంచం మీద పెట్టింది.

"సినిమాలు చూడొచ్చు పెద్దమ్మా, ఆటలాడొచ్చు. మధ్య సైజుది తెచ్చిన. చిన్నదైతే నీకు కనపడది, పెద్దదైతే మోయలేవు. నచ్చకపోతే సోమవారం లోపల దుకాణపోడు వాపసు తీసుకుంటడు."

తను ఆదివారం ఐదు గంటల బస్సుకు తిరిగిపోతుంది. అంటే నాకున్నది రెండు రోజులు.

ఏ వస్తువుకైనా మార్కులు వేయడం నా అలవాటు. మిక్సీకి వేశాను, నీళ్ల ఫిల్టరుకు వేశాను, కొత్త పాస్టరుగారి మొదటి ప్రసంగానికి కూడా వేశాను, అది ఎవరికీ చూపలేదు. నియమం బడిలోదే: ఒక్క సబ్జెక్టులో తప్పినా మొత్తం తప్పినట్టే. గ్రేసు మార్కులు లేవు.

కుట్టు టేపుతో తెరను మూల నుంచి మూలకు కొలిచాను, పదిహేను అంగుళాల మీద కొంచెం. కిటికీ తెరిస్తే బొమ్మకు బదులు వేపకొమ్మ కనిపించింది, పరదా వేస్తే బాగుంది. డెబ్బై రెండు. మాటలు అక్క ఎడమ చెవికి కూడా వినబడ్డాయి గానీ, కుక్కర్ కూత వేస్తే మాత్రం ఏమీ వినబడలేదు. అరవై ఒకటి. బరువు చూడ్డానికి వీధిలోకి తీసుకుపోయి కూరగాయల బండి తక్కెడలో పెట్టించాను. రెండు కిలోల ఏడు వందల గ్రాములు.

"అమ్మా, ఇది కిలో ఎట్ల ఇస్తరు?" అన్నాడు బండాయన.

మంచం మీద పెట్టిన పావుగంటకు అది వేడెక్కి రొప్పడం మొదలుపెట్టింది. "దుప్పటి మీద పెడితే దానికి గాలాడది పెద్దమ్మా, కింద చెక్క ఉండాలె" అంది పిల్ల. రొట్టెల పీట కడిగి తెచ్చి కింద పెట్టాను. రొప్పు తగ్గింది. పెద్ద పెద్ద ఆటలు దీనితో కావనీ, చిన్నవాటికి ఢోకా లేదనీ తనే చెప్పింది. కార్ల పందెం ఒకటి పెట్టి ఇచ్చింది. శనివారం సాయంత్రం పిల్లకు ఐదు వేల మూడు వందల పాయింట్లు వచ్చాయి. నాకు నాలుగు వేల నూట ఇరవై.

నేను ఆడుతుంటే అక్క గోడవైపు నుంచి మెడ మాత్రం ఇటు తిప్పింది. "అది కారా, గాడిదా? పోయి పోయి గోడనే గుద్దుతాంది."

నూట పంతొమ్మిది రోజుల్లో అక్క చేసిన మొదటి వెక్కిరింత. పిల్ల నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "విన్నవా పెద్దమ్మా? ఇగ నీ మార్కులు పక్కన పెట్టరాదు?"

"విన్న. బ్యాటరీ పరీక్ష ఇంకా ఉన్నది."

మా వీధిలో కరెంటు పోతే రెండు గంటలకు తక్కువ కాదు. సగం సినిమాలో ఆరిపోయే యంత్రం అక్కను మళ్లీ గోడవైపే తిప్పుతుంది. సినిమా నూట యాభై నిమిషాలు. పాసు కావాలంటే అంతసేపూ నిలవాలి.

ఆదివారం తొమ్మిదిన్నరకు నిండా ఛార్జి ఉన్న లాప్‌టాప్‌లో సినిమా పెట్టి, ఎప్పుడు ఆరిపోయిందో గడియారం చూసి చెప్పమని అక్కకు అప్పగించి, మేమిద్దరం చర్చికి పోయాం. పన్నెండుంపావుకు వచ్చేసరికి తెర నల్లగా ఉంది.

"పదీ యాభైకే ఆరిపాయె" అంది అక్క, మా వైపు చూడకుండా.

ఒక గంటా ఇరవై నిమిషాలు. నోటుబుక్కులో ఎర్రగీత గీశాను. అక్క గోడవైపు తిరిగింది. పిల్ల తన ఫొటోలు తీసేయడానికి వైరు తగిలించి మళ్లీ తెరిచింది. పోయే ముందు ఒక్క ఆట ఆడదామని, ఒప్పుకుంటున్నాను, నేనే కూర్చున్నాను. అందరికంటే పైన ఒక కొత్త అంకె ఉంది. ఆరు వేల ఎనిమిది వందల తొంభై.

మేమిద్దరం చర్చిలో ఉన్నాం.

"అక్కా, ఈ ఆరు వేల ఎనిమిది వందల తొంభై ఎవరిది?"

"నాదే. నువ్వు మూల తిరిగేకాడ బ్రేకేస్తవు. అందుకే ఎనకబడ్తవు."

"పరీక్ష నడుస్తాంటే ఆడుకున్నవా! సినిమా, ఆట రెండూ నడిస్తే బ్యాటరీ ఏం నిలుస్తది? మరి చెప్పకపోతివి?"

"చెప్తే డిబార్ చేస్తవు గద పంతులమ్మా!"

పిల్ల నేల మీద కూలబడి నవ్వింది. పరీక్ష రద్దు చేసి, మళ్లీ పెట్టాను. ఛార్జి నిండేసరికి రెండూ ఇరవై ఐదు. ఈసారి అక్క రెండు చేతులూ దుప్పటి పైన కనబడేలా పెట్టించి, ముగ్గురం కూర్చుని సినిమా చూశాం. నాలుగూ ముప్పై ఐదుకు గుమ్మం ముందు ఆటో హారన్ కొట్టింది. పరీక్ష పూర్తి కాలేదు. బ్యాటరీలో పన్నెండు శాతం మిగిలింది.

త్రైరాశికం వేశాను. నూట ముప్పై నిమిషాలకు ఎనభై ఎనిమిది శాతం అయితే, నూరు శాతానికి నూట నలభై ఏడు నిమిషాల నలభై మూడు సెకన్లు.

"రెండు నిమిషాల పదిహేడు సెకన్లు తక్కువ" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"రెండు నిమిషాలే గద పెద్దమ్మా!"

"గ్రేసు లేదు."

ఆటో మళ్లీ హారన్ కొట్టింది. పిల్ల సంచీ జిప్పు తెరిచి నిలబడింది. అక్క మోచేతుల మీద లేచింది. పడ్డ తర్వాత తనంతట తాను లేవడం నేను చూడలేదు.

"సినిమా ఆఖర్ల పేర్లు వస్తయి గద, అవెంతసేపు?"

పిల్ల సినిమాను చివరికి జరిపింది. కథ నూట నలభై ఏడో నిమిషానికి అయిపోయింది. మిగిలిన మూడు నిమిషాలూ పేర్లే.

"ఆ పేర్లల్ల మనోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగింది అక్క.

లేరు. ప్రశ్నపత్రంలో తప్పు నాదే. నలభై మూడు సెకన్ల తేడాతో లాప్‌టాప్ పాసయింది, గ్రేసు లేకుండానే. పిల్ల నన్ను గట్టిగా వాటేసుకుని, ఖాళీ సంచీ అక్క కాళ్ల దగ్గర పడేసి, ఆటో వైపు పరుగెత్తింది.

నేను ఎర్రగీత కొట్టేసి కొత్త అంకె రాస్తుంటే అక్క పీట సర్దుకుంది. "ఇగ కూసో. ఇప్పుడు నీ పరీక్ష."

మూల దగ్గర బ్రేకు వేయకూడదని వేయలేదు. కారు ఎగిరి బోర్లా పడింది. అక్క మంచం కిర్రుమనేటట్టు నవ్వింది. "ఆగు, ఆగు, తుంటి నొస్తాంది" అంటూ నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

మూడు వేల తొమ్మిది వందల ఐదు. నోటుబుక్కు అక్కే అడిగి తీసుకుని, నా పేరు రాసి, ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది.

"తప్పినవ్" అంది. "మళ్ల రా."