నర్సమ్మల బీరువా తెరిపించిన అబద్ధాలు

నా చిన్నప్పుడు పెనుకొండ కొండ రైలు కూత వినబడినప్పుడల్లా జానెడు పక్కకు జరిగేది. నేను అలా చెబితే నమ్మిన నర్సమ్మలు హిందూపురం ఆసుపత్రిలో ఇద్దరు ఉండేవారు. మూడో ఆమె నమ్మలేదు గానీ, సెలవు మీద ఊరికి పోతూ రైలు కిటికీలోంచి తల బయటపెట్టి చూసిందట. కథ చెప్పేవాళ్ళకు అంతకు మించిన బహుమానం ఏముంటుంది?

అరవైల మొదటి రోజులు అవి. మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. పచ్చి పట్టుకు జిగురు ఉంటుంది. సబ్బునీళ్ళలో ఉడకబెడితే ఆ జిగురు వదిలి దారానికి మెరుపు వస్తుంది. ఒక ఉదయం ఆ మరిగే గంగాళాన్ని పొయ్యి మీది నుంచి దించబోతూ మా నాయన కాలు జారాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా అందులో మునిగింది. తడిగుడ్డ చుట్టి రైలెక్కించి హిందూపురం తెచ్చారు. అమ్మ ఒళ్ళో చంటిబిడ్డ ఉన్నందున నాయన దగ్గర ఉండడానికి నన్ను వదిలి వెళ్ళారు. అన్నం కలిపి నోట్లో పెట్టడం, నీళ్ళు తాగించడం, ఈగలు తోలడం నా పని. మిగిలిన పొద్దంతా నా నోటికి పని.

నాయన మాత్రం మాట తగ్గించేశాడు. మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరేది కుడిచేత్తోనే. ఆ చెయ్యి ఇప్పుడు తెల్లని గుడ్డమూటలా ఒళ్ళో ఉండేది. మంట తగ్గుతుందని వేళ్ళు ముడుచుకుని పిడికిలి పట్టుకునేవాడు. కట్టు మార్చే పొడుగు నర్సక్క వేళ్ళు చాపమంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆమెది మడకశిర పక్క ఊరు, మనసు వెన్న. చూడలేక, సరే అన్నా, నీకు ఎట్ల బాగుంటే అట్లే పెట్టుకో అని పిడికిలిని పిడికిలిగానే చుట్టేసేది. నాయన ఆమెకు దండం పెట్టేవాడు. నాకూ ఆమె దేవతలా కనబడేది.

ఆ ఆసుపత్రిలో మందుల గది పక్కన ఒక అద్దాల బీరువా ఉండేది. దాని నిండా పుస్తకాలు, నర్సులు చదువుకోవడానికని తెప్పించినవి. తాళంచెవి అందరికీ అందేటట్టు మేకుకు వేలాడుతూనే ఉండేది. దసరాకు బీరువాకు పసుపు కుంకుమ పెట్టి, పూలు వేసి, మళ్ళీ దసరా దాకా దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. పెద్ద నర్సమ్మ చెప్పి చెప్పి అలిసిపోయింది. బతిమాలింది, కోప్పడింది, గోడ మీద కాగితం అంటించింది. వాళ్ళేమో డ్యూటీ అయ్యేసరికి కాళ్ళు పీకుతున్నాయనేవారు, ఇంగ్లీషు మరిచిపోయామనేవారు. అసలు సంగతి వేరే. ఎప్పుడో ఒక నర్సమ్మ పుస్తకం తెరిచి చూస్తుంటే, మంచం మీది ముసలామె పక్కనున్న కూతురితో, ‘ఈయమ్మకు పని రాదే, బుక్కు చూసి సూది వేస్తాంది’ అని వార్డంతా వినబడేటట్టు అన్నదట. ఆ మాట ఆ నర్సమ్మలందరికీ ముల్లులా దిగిపోయింది. తెలియకపోయినా పరవాలేదు గానీ, తెలియదని రోగికి తెలియకూడదు.

పెద్ద నర్సమ్మ తెల్లజుట్టు మనిషి, నవ్వితే కళ్ళు మాయమయ్యేవి. కొండ జరిగిన కథ మీద నర్సమ్మలు వాదులాడుకోవడం వాకిట్లో నిలబడి విన్నట్టుంది. మధ్యాహ్నం నన్ను బీరువా దగ్గరికి పిలిచింది. తిట్టడానికే అనుకుని ఏడుపు మొహం సిద్ధం చేసుకుని పోయాను.

“పాపా, నువ్వు అబద్ధాలు బాగా చెప్తావు. నాకొక పని చేసిపెడతావా?” అంది.

నా జన్మలో నన్ను ఎవరూ అంత మర్యాదగా అడిగింది లేదు.

ఆ పని ఇది. రోజూ ఆమె పుస్తకం తీసి రెండు వింతలు తెలుగులో నాకు చెబుతుంది. వాటికి నేను నా సొంత వింత ఒకటి కలపాలి. కాఫీ వేళ నర్సమ్మల ముందు అన్నీ ఒకే మొహంతో చెప్పాలి. ఏది అబద్ధమో ప్రాణం పోయినా చెప్పకూడదు. బీరువాలో చూసి తేల్చుకోమనాలి.

మొదటి సాయంత్రం ఇలా చెప్పాను. పుట్టిన బిడ్డకు పెద్దవాళ్ళ కంటే ఎముకలు ఎక్కువ ఉంటాయి. పొద్దున లేచినప్పుడు ఉన్నంత పొడుగు సాయంత్రానికి మనం ఉండము. ఎడమచెవితో విన్నది కుడిచెవితో విన్నదాని కంటే తొందరగా మరిచిపోతాము. నర్సమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. చెవి మాట నిజమేనని ఇద్దరు తేల్చేశారు. మా ఆయనకు ఎడమపక్కన పడుకుని చెప్పినందుకే ఏ మాటా గుర్తుండదు అని ఒకామె సాక్ష్యం కూడా ఇచ్చింది. బిడ్డకు ఎముకలు ఎక్కువ అన్నది మాత్రం పచ్చి అబద్ధం అన్నారు. ఓడినవాళ్ళు కట్లకు వాడే, ఉతికి ఆరేసిన గాజుగుడ్డలన్నీ చుట్టాలని పందెం కాశారు. తాళంచెవి మేకు మీద నుంచి దిగింది. ఎముకల మాట పుస్తకంలో దొరికింది, నా చెవి మాటే ఎక్కడా దొరకలేదు.

అది మొదలు, బీరువా మూత పడిన రోజు లేదు. పుస్తకం చేతిలో ఉన్న నర్సమ్మను ఎవరైనా అడిగితే, ‘నేను చదువుకోడం లేదప్పా, ఈ పిల్ల అబద్ధం పట్టుకుంటాండా’ అనేది. ఇంగ్లీషు మరిచిపోయిన వాళ్ళు కూడబలుక్కుంటూ పైకే చదివేవారు. ఒకరికి తెలియని మాట ఇంకొకరికి తెలిసేది. వెతికేది ఒకటి, మధ్యలో చదివేది పది. గాజుగుడ్డలు చుట్టడానికి కరువు లేకపోయింది. నేనేమో వార్డులో దొరసానిలా తిరిగాను. నా గొప్పంతా నా అబద్ధాలదే అనుకున్నాను.

ఒకరోజు నా వంతు వింతగా, కాలిన చోట కొత్తచర్మం వెన్నెల తగిలితేనే పుడుతుందని చెప్పాను. నాయన మంచం కిటికీ పక్కకు మార్పించాలని నా పన్నాగం, ఆ మంచానికి గాలి బాగా వస్తుంది. పొడుగు నర్సక్క నవ్వుతూ పుస్తకం తెచ్చి మా పక్కనే స్టూలు మీద కూర్చుంది. చర్మం గురించి ఉన్న పుటలు తిప్పుతోంది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది. నవ్వు పోయింది. ఆ పుటలో ఒక చేతి బొమ్మ ఉంది. వేళ్ళన్నీ చాపి ఉన్నాయి, ఒక్కో వేలికీ విడివిడిగా కట్టు ఉంది. ఆమె పెదాలు కదుపుతూ కింద రాసింది చదివింది, మళ్ళీ చదివింది. తరువాత నాయన ఒళ్ళోని గుడ్డమూట వైపు చూసింది.

ఆమె మొహం ఆ క్షణాన ఎలా మారిందో నాకు ఇప్పటికీ కనబడుతుంది. పుస్తకం మూసేసి ఆమె లేచిపోవచ్చు. నాయనకు చదువు రాదు, నాకు ఇంగ్లీషు రాదు, అడిగేవాళ్ళు లేరు. లేవలేదు.

“అన్నా, నేను నీకు కట్టింది సరిగా లేదు. వేళ్ళు కలిపి ఇట్లే ముడిచి పెడితే ఒకదానికొకటి అంటుకొని అట్లే మానిపోతాయంట. మళ్ళ చెయ్యి తెరుచుకోదు. ఈడ రాసుండాది. డాక్టరు గారిని అడిగి, దీంట్లో ఎట్ల ఉంటే అట్ల కడతా.”

పక్క మంచం ఆయన వింటూనే ఉన్నాడు. “ఏమప్పా, బుక్కు చూసి నేర్చుకుంటాండే ఆమె చేతిలో చెయ్యి పెడతావా?” అన్నాడు. నర్సక్క తల వంచుకుంది. నాకు నాయన కోసం, నర్సక్క కోసం, నా కోసం ఒక్కసారే ఏడుపు వచ్చింది.

 నాయన ఆమె వైపే తిరిగాడు.

“చీరకు కొత్త అంచు ఎత్తుకుంటే నేను డిజైను కాగితం ముందర పెట్టుకొనే నేస్తానమ్మా. చూడకుండా నేస్తే తప్పు పోగు పడేది నా చీరలోనే. నువ్వు చూసుకొని కట్టు. నొప్పికి నేను ఓర్చుకుంటా.”

డాక్టరు గారు వచ్చి, పుట చూసి, అవును, అలాగే చెయ్యండి అన్నారు. అంటుకోవడం మొదలైన వేళ్ళను విడదీసిన ఆ మధ్యాహ్నం గురించి ఎక్కువ రాయను. నాయన అరవలేదు, నా భుజం పట్టుకున్నాడు. నర్సక్క కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక కన్నీళ్ళు అట్లే కార్చుకుంటూ ఒక్కో వేలికీ మెత్తగా గుడ్డ చుట్టింది. పుస్తకం మంచం మీద తెరిచే ఉంది. నేను గాలికి పుట ఎగరకుండా పట్టుకున్నాను. పక్క మంచం ఆయన అటు తిరిగి పడుకున్నాడు గానీ, మర్నాడు తన కాలి పుండు గురించి ఆ బుక్కులో ఏమన్నా ఉందేమో చూడమ్మా అని ఆమెనే అడిగాడు.

తరువాత మేము ఉన్నన్నాళ్ళూ నా వింతల అవసరం తగ్గుతూ వచ్చింది. నర్సమ్మలు నన్ను అడగకుండానే బీరువా దగ్గరికి పోతున్నారు. నాకు చిన్నతనంగా అనిపించి పెద్ద నర్సమ్మతో మొర పెట్టుకుంటే, ఆమె కళ్ళు మాయమయ్యేటట్టు నవ్వి నా జడ సవరించింది. వాళ్ళకు చదువు రాక కాదు, తెలియదు అని చెప్పడానికి భయం, నీ అబద్ధాల చాటున ఆ భయం తీరింది అని నెమ్మదిగా చెప్పింది. నాకు సగమే అర్థమైంది.

నాయన చెయ్యి తెరుచుకుంది. చిటికెనవేలు కొంచెం వంకర పోయింది గానీ నాడెకు అడ్డు రాలేదు. మళ్ళీ మగ్గంలో కూర్చున్న రోజు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, ఆ చప్పుడు వింటూ నిలబడింది.

అబద్ధాలు నేను ఇప్పటికీ చెబుతాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ. అయితే ఆసుపత్రిలోనో, మందుల అంగట్లోనో కొత్తగా పనిలో చేరిన చిన్నపిల్ల ఎవరైనా నా ముందు తడబడి, ‘ఉండమ్మా, ఒకసారి చూసి చెప్తా’ అంటే వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. నాకు ఆ పిల్ల మీద అప్పుడే నమ్మకం కుదురుతుంది. కూర్చునే బల్లను దగ్గరికి జరుపుకొని కూర్చుంటాను. ఎంతసేపైనా చూడనీ.