వెర్నన్ చూపుడువేలు

విస్కాన్సిన్‌లో పాల లారీ నడిపే వెర్నన్‌కు చేతులు ఊరికే ఉండవు. కూతురు ట్రూడీ గురి పోటీలకు కొత్త రైఫిల్ కొనే స్తోమత లేక, ఎవరో వాడి వదిలేసిన పాయింట్ ట్వెంటీటూ రైఫిల్ తెచ్చాడు. భుజానికి ఆనే చెక్కను ఆమె చేతి పొడవుకు సరిపోయేలా కోశాడు. చెంప ఆనేచోట పాత చాప ముక్క చుట్టాడు. వేలు ఆనిస్తే చాలు కదిలేదాకా ట్రిగ్గరును నూరి నునుపు చేశాడు. "ఖాళీగా ఉన్నప్పుడు నొక్కావంటే ఊరుకోను. తూటా లేకపోతే లోపలి సూది పోయి గొట్టం అంచునే గుద్ది సొట్ట పెడుతుంది," అని రోజూ హెచ్చరించేవాడు. ఆమె బడికెళ్లాక, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, ఆ నునుపు వేలికి తగిలే హాయి కోసం తానే ఖాళీ రైఫిల్‌ను టిక్కుటిక్కుమని నొక్కుకుంటూ కూర్చునేవాడు.

పోటీనాడు తూటా గొట్టం మొదట్లోనే ఇరుక్కుపోయింది. లాగుతుండగానే ట్రూడీ కాల్చాల్సిన గడువు అయిపోయింది. తర్వాత వెర్నన్ రైఫిల్‌ను విప్పి గొట్టం లోపల వేలితో తడిమితే, అంచున సొట్ట తగిలింది.

"నాన్నా, ఒక్కసారి ఖాళీగా నొక్కాను. తిడతావని చెప్పలేదు," అంది ట్రూడీ నేలచూపులు చూస్తూ.

వెర్నన్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "పోనీలే తల్లీ. ఇంకెప్పుడూ అలా చెయ్యకు."

చెయ్యనని తలూపి, ట్రూడీ అతని చెయ్యి పట్టుకోబోయింది. అది జేబులోంచి బయటికి రాలేదు.