సుజాత కొట్టిన బెల్లు

ఎండ ముదిరితే చాలు, గరివిడి రోడ్డు మీద నేను రోజూ టీ తాగే బడ్డీ ముందున్న బల్ల వాసన వేస్తుంది. పాత రైల్వే స్లీపరు చెక్కని ఇటుకల మీద పెట్టి చేసిన బల్ల అది. ఎన్నేళ్ళు రైళ్ళ కింద నలిగిందో గాని, దాని పగుళ్ళలోంచి తారూ తుప్పూ కలిసిన వాసన ఇప్పటికీ పైకి లేస్తుంది. అది తగిలినప్పుడల్లా నాకు మా ఊరి స్టేషను గుర్తొస్తుంది. స్టేషనుతో పాటు సుజాత, సుజాతతో పాటు నా కుళ్ళు.

మా స్టేషను బ్రిటిషు వాళ్ళ కాలంలో కట్టినదట. అది మనుషుల కోసం కట్టింది కాదనీ, ఇంజన్లకి నీళ్ళు పట్టడానికి కట్టిందనీ, మనుషులు తరవాత ఎక్కడం మొదలెట్టారనీ మా మామ్మ, అంటే నాన్న తల్లి, చెప్పేది. పెంకుల కప్పు, మోచెయ్యి పట్టేంత టికెట్ కిటికీ, ఏనుగు తొండంలాంటి నీళ్ళ గొట్టం, స్టేషను మాస్టరు గారి క్వార్టరు. అంతే. రోజుకి అటు రెండు పేసింజర్లు, ఇటు రెండు. మిగతా బండ్లన్నీ దుమ్ము మా మొహాన కొట్టి పోయేవి. చీపురుపల్లిలో ఆగేవి కూడా మా దగ్గర ఆగవని ఊరంతటికీ ఉక్రోషమే.

లెక్కలు నాకు బళ్ళో రాలేదు, ఆ పట్టాల పక్కనే వచ్చాయి. వేసవిలో తాటిముంజెలు తింటూ, చలికాలం కాల్చిన తేగలు పీచు తీస్తూ, గట్టు మీద కూర్చుని గూడ్సు డబ్బాలు లెక్కపెట్టేవాళ్ళం. ఇంజను కనిపించగానే ఎన్ని డబ్బాలో చెప్పాలి, దగ్గరగా చెప్పినవాళ్ళకి గుప్పెడు చింతపిక్కలు. నా పరికిణీ అంచు ముడిలో ఎప్పుడూ పిక్కలు ఉండేవి. బండిలో కూర్చుంటే పట్టాల అతుకుల మీద చక్రాల టకటకలు లెక్కపెట్టేదాన్ని. పట్టా పొడవు పదమూడు మీటర్లని పట్టాలు బాగుచేసే గ్యాంగు మనిషి చెప్పాక, నలభై ఏడు సెకన్లలో ఎన్ని టకటకలు వినిపిస్తే బండి గంటకి అన్ని కిలోమీటర్లు పోతున్నట్టని నాకు నేనే తేల్చుకున్నాను. ఎవరికి చెప్పినా నవ్వేవారు.

సుజాతకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఆ పిల్ల స్టేషను మాస్టరు గారి కూతురు, గోదావరి వైపు నుంచి వచ్చింది, నా ఈడుదే. ముందు స్టేషనులో పేసింజరు కదిలిందని ఫోనులో తెలియగానే వాళ్ళ నాన్న తల ఊపేవారు. వరండాలో వేలాడే పట్టా ముక్కని సుజాత ఇనప కడ్డీతో మూడుసార్లు కొట్టేది. ఆ మోత చేల మీదుగా ఊళ్ళోకి వచ్చేది. ఆ మోత విన్నాకే ఊళ్ళో ఆడవాళ్ళు గంజి వార్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని బయల్దేరేవారు. బెల్లు మోగిన పదకొండు నిమిషాలకి బండి వచ్చేది, ఇంటి దగ్గర్నుంచి నడక ఎనిమిది నిమిషాలు. ఇది కనిపెట్టింది నేను. కాని ఊరంతా నమ్మింది ఆ పిల్ల చేతిని. రెండు జడలు ఊపుకుంటూ సుజాత కడ్డీ ఎత్తగానే నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఆ కార్తీకంలో, నాగులచవితికి దంచిన నువ్వుల చిమ్మిలి ఇంకా డబ్బాలో ఉండగానే, విజయనగరంలో కళ్ళ ఆపరేషన్ల శిబిరం పెట్టారు. మామ్మకి రెండు కళ్ళలోనూ పొర. చేరడానికి ఆ ఒక్కరోజే గడువు, తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. నాన్న టికెట్లు తీయడానికి ముందే స్టేషనుకి వెళ్ళాడు. మామ్మని నడిపించుకు రావడం నా పని.

బెల్లు మోగింది. మామ్మ కర్ర అందుకుంది.

"కూకో మామ్మా. మెయిలు బండి ఇంకా దాటనేదు. మెయిలు దాటితేనే పేసింజరు మన టేసన్లోంచి కదుల్తాది. ఇంకా అరగంట ఉన్నాది" అన్నాను.

"బెల్లు కొట్టీసినారు కదే?"

"కొడితే కొట్టనీ. ఆ పిల్లకేటి తెలుసు? నాను లెక్క కట్టినాను."

లెక్క తప్పు కాదు. ఉదయం పూట వచ్చే ఆ పేసింజరు రోజూ మా స్టేషనులో పక్క లైనులో పదిహేడు నిమిషాలు నిలబడి, వెనకొచ్చే మెయిలుకి దారి ఇచ్చేది. నేను నెలరోజులు చూసి రాసుకున్నాను. కాని ఆరోజు మెయిలు ఎక్కడో పైన వరదల్లో చిక్కుకుని గంటల తరబడి ఆలస్యమని స్టేషనులో వాళ్ళకి తెలుసు, నాకు తెలియదు. మామ్మ తీరిగ్గా రెండు చిమ్మిలి ఉండలు తిన్నది. చేల మధ్యకి వచ్చేసరికి బండి వచ్చి నిలబడి ఉంది. నిలబడుతుందిలే అనుకున్నాను. అప్పుడు, ఇక బండి కదలొచ్చని, సిగ్నలు చెయ్యి వాలింది.

"ఏటైనాదే? సెప్పవేటే?" అంటోంది మామ్మ. ఆమె చెయ్యి పట్టుకుని బురద గట్టు మీద లాక్కుంటూ పరిగెత్తాను. కర్ర పడిపోయింది. ప్లాట్‌ఫారం మీంచి మమ్మల్ని చూసింది సుజాతే. గార్డు దగ్గరికి పరిగెత్తి, చేతులు ఊపి, వాళ్ళ నాన్న చేత ఎర్రజెండా ఎత్తించింది. బండి ఆవిరి వదులుతూ మా కోసం ఆగింది.

నాన్న మామ్మని ఎక్కించి నా మీదకి వచ్చాడు. "బెల్లు ఇనబడనేదేటే నీకు? సెవుల్లో సీసం పోసుకున్నావేటే?"

"తప్పు నాదేనండి బాబాయిగారూ. ఇవాళ బెల్లు ఆలస్యంగా కొట్టాను" అంది సుజాత. నా లెక్క తప్పింది అందుకేనని, కిటికీలోంచి విన్న మామ్మ నమ్మేసింది.

సమయానికి కొట్టిందని వాళ్ళ నాన్నకి తెలుసు. కూతురి వైపు ఒకసారి చూశారు, నా వైపు ఒకసారి చూశారు, బండికి పచ్చజెండా ఊపారు. మర్నాటి నుంచి బెల్లు పోర్టరే కొట్టాడు. కడ్డీ ఆ పిల్ల చేతిలోంచి పోయింది. నేను కోరుకున్నది అదే. అయినా నాకు సంతోషం రాలేదు. ఉన్నదాన్ని అంత సులువుగా వదులుకోగలిగిన మనిషి దగ్గర ఇంకా ఎంత ఉందో అని మరింత కుళ్ళుకున్నాను.

మామ్మ కట్లు విప్పించుకుని వచ్చిన రోజు, బండి దిగి ఇంటికి రాలేదు. "ఆ పిల్ల మొకం ముందు సూడాల" అని నేరుగా క్వార్టరుకి వెళ్ళింది. గడప బయట నిలబడి ఉన్నాను నేను. సుజాత గడ్డం పట్టుకుని, "బెల్లు ఆలిసెం సేసినావు గానీ బంగారానివే తల్లీ" అంది మామ్మ. సుజాత నా వైపు చూడనైనా చూడలేదు. ఏడాదిలో వాళ్ళకి బదిలీ అయింది.

ఇప్పుడు అక్కడ క్వార్టరు లేదు, నీళ్ళ గొట్టం లేదు. పట్టాలు అతుకు లేకుండా కలిపేశారు, టకటకలు పోయాయి. సిగ్నలు చేతుల చోట రంగు దీపాలు. బండి ఎక్కడుందో ప్రతివాళ్ళ ఫోనూ చెబుతుంది, నన్ను అడిగేవాళ్ళు లేరు, బెల్లు వినేవాళ్ళూ లేరు. మామ్మ ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. ఆ బెల్లు మాట ఎత్తినప్పుడల్లా, "పాపం, ఆ పిల్ల" అనేది. లీపు సంవత్సరాలు మూడు కలుపుకుంటే నాలుగువేల పద్దెనిమిది రోజులు. వాటిలో ఏ ఒక్కరోజైనా, తప్పు నాది మామ్మా అని చెప్పి ఉండవచ్చు. సుజాతకి ఆ మాట అనడానికి అర నిమిషం కూడా పట్టలేదు.