గడి ముందు విడిచిన చెప్పులు

ఆ గోడకు ఆనుకుని సరిగ్గా కూర్చో బిడ్డా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు. ఆ రోజుల్లో ఆడపిల్లకు నౌకరీ వచ్చిందంటే ఊరంతా వచ్చి చూసిపోయేది, ఎన్నాళ్లుంటుందో చూద్దామని గుసగుసలాడేది కూడా. నాది గ్రామసేవిక ఉద్యోగం. పొగరాని పొయ్యి ఎలా కట్టుకోవాలో, పసిపిల్లలకు నీళ్లెందుకు కాచి తాగించాలో ఊరూరా తిరిగి ఆడవాళ్లకు చెప్పాలి. అయితే ఇంకా పక్కా కాలేదు. హైదరాబాద్ నుంచి పెద్ద సారు వచ్చి ‘పనికొస్తుంది’ అని ఒక్క మాట అనాలి. అనకపోతే రెంజల్‌లో ఒక సంబంధం సిద్ధంగా ఉంది. ఆ అబ్బాయికి మాటలకన్నా గురక బాగా వచ్చని విన్నాను (మీ తాత కాదులే, రాయి).

జిల్లా గ్రామసేవికలందరికీ బోధన్‌లో సభ పెట్టారు. ఉపన్యాసాలు స్కూల్లో, సాయంత్రం చాయ్ పార్టీ మాత్రం వర్ని దారిలో ఉన్న మా ఊరి గడిలో. గడి అంటే కోటలాంటి దొర ఇల్లు. దొరలు పట్నం వెళ్లిపోయాక అది సర్కారు ఆఫీసైంది. దొర తీర్పులు చెప్పిన హాల్లో ఎరువు బస్తాలుండేవి. వాటిని ఓ మూలకు జరిపి, బల్లలేసి, తెల్లగుడ్డలు పరిచారు. మా మీద అధికారి అయిన అక్క నా చేతికి పన్నీరు బుడ్డి ఇచ్చి గుమ్మంలో నిలబెట్టింది.

“ఒచ్చినోళ్లను మంచిగ రమ్మను. సారు ముంగట నోరు జారకు, నీ నౌకరీ ఆయన చేతులున్నది.”

నోటి సంగతి చెప్పింది కానీ కాళ్ల సంగతి చెప్పలేదు. నేను గడప తొక్కేముందు చెప్పులు విడిచాను. విడిచినట్టు నాకే తెలియదు. నా చిన్నప్పుడు మా బాపు గడి గోడ కనబడగానే చెప్పులు తీసి చేత పట్టుకునేవాడు, దొర భయానికి ఊరందరిదీ అదే పద్ధతి. ముందొచ్చిన నిజామాబాద్ సేవికలు నా వట్టి కాళ్లు చూసి తామూ విడిచారు. వెనకొచ్చినవాళ్లు ఆ చెప్పులు చూసి విడిచారు. కాలువ కింద సేద్యం చేసే ఆంధ్ర రైతుగారి భార్య, ఇదేమన్నా గుడా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, ఇక్కడి పద్ధతేమోలే విప్పమన్నాడు. నాకు తెలివొచ్చేసరికి నా జత ఆ కుప్పలో ఎక్కడో అడుగున పడింది.

అప్పుడే జీపొచ్చింది. పెద్ద సారు చెప్పుల కుప్ప చూశాడు, నా కాళ్లు చూశాడు, పొట్ట అడ్డమొస్తున్నా వంగి బూట్ల తాళ్లు విప్పాడు. వద్దు సార్ అనబోయి, నోరు జారకూడదు కదా, మూసుకున్నాను. చిరిగిన మేజోడులోంచి బొటనవేలు బయటికి చూసింది. భయంలో దాని మీద కూడా పన్నీరు చల్లాను.

లోపల నేలంతా బస్తాల్లోంచి రాలిన ఎరువు పలుకులు, వట్టి కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. ఆఫీసర్లందరూ కొంగల్లా ఓ కాలెత్తి, ఓ కాలు దించి చాయ్ తాగుతున్నారు. ఇక్కడ చెప్పులు విప్పమన్నదెవరని సారు అడిగాడు. అక్క నా వైపు చూసింది. రెంజల్ గురక నా చెవిలో మోగింది.

“నేనెవ్వర్ని ఇప్పమనలే సార్. మా బాపు ఈడ ఇడిసేటోడు. నా కాళ్లు గా అలవాటు మీదనే ఇడిసినయ్.”

సారు కప్పు కింద పెట్టి, బయటికి నడిచి బూట్లు తొడుక్కున్నాడు. అందర్నీ తొడుక్కుని మళ్లీ రమ్మన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

“ముందుగాల నువ్వు నడువమ్మా. నువ్వే దాటకపోతె ఊరోళ్లకేం నేర్పుతవ్?”

చెప్పులు దొరికాయి కానీ కాలు లేవలేదు. అందరూ నా వెనకే ఆగారు. కళ్లు మూసుకుని దాటేశాను. ‘పనికొస్తది’ అని వెనక నుంచి సారు గొంతు వినబడింది. ఇంటికెళ్లి చెబితే బాపు నౌకరీ ఊసే ఎత్తలేదు.

“లోపటికి ఏసుకొనే పోయినవా బిడ్డా?” అని మళ్లీ మళ్లీ అడిగాడు.

గడప దాటడానికి అంత వణికిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతాను కానీ, ఇప్పటికీ ఏ ఆఫీసుకు పోయినా గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, కాళ్ల వైపు చూసుకుని, ఆ తర్వాతే...

“అత్తమ్మా, రొట్టెలు సల్లారుతున్నయ్, లేవుండ్రి.”

వస్తున్న. మీ అమ్మ పిలుస్తోంది, ఆ పెన్ను మూసి