తువ్వాలుకు సరిపడా నూలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు ఆరంభశూరురాలినని పేరు. అల్లిక అంచు దగ్గరే ఆగిపోయింది. హార్మోనియం సరిగమలు దాటలేదు. అందుకే బడిలో తకిలి మీద నూలు వడకడం నేర్పి, ఏడాది చివర ఎవరి నూలుతో వాళ్ళకు బట్ట నేయించి ఇస్తామన్నప్పుడు, తాతయ్యకు తువ్వాలు ఇస్తానని నేను ప్రకటిస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. మూణ్ణాళ్ళ ముచ్చటేనని నాయనమ్మ తేల్చేసింది.

మా తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మాటలు తక్కువ. మర్నాడు కుళాయి దగ్గర నలుగురూ వింటుండగా, వచ్చే ఏడు తన భుజం మీద మనవరాలు వడికిన తువ్వాలే ఉంటుందని చెప్పేశాడు. నా పరువు పోతే పోయింది, ఆయన మాట పోతే ఎలా?

ఆ ఆదివారం మధ్యాహ్నమంతా ఒకే పట్టున కూర్చున్నాను. దారం తెగడం, అతకడం, మళ్ళీ తెగడం. వేళ్ళు మండి తకిలిని మూలకు విసిరేశాను. తాతయ్య దాన్ని తీసి, వంగిన కొక్కెం సరిచేసి, నా చేతికిచ్చాడు.

"రోజు సైరన్ కొట్టంగనే షురూ చెయ్యి. నేను ఇంట్ల అడుగువెట్టంగనే బంద్ చెయ్యి. అంతకన్న ఎక్కువ సుత వద్దు బిడ్డా."

మా క్వార్టర్ వర్క్‌షాపుకు దగ్గరే. సాయంత్రం పని ముగిసిన సైరన్ మోగాక ఆయన నడిచొచ్చేలోపు చేతిలోని దూది ఏకు సగం కూడా అయ్యేది కాదు. అంత కొంచెం పనికి విసుగెక్కడిది? పైగా కొన్నాళ్ళకు చేయి కుదిరి, ఆయన గుమ్మంలో కనబడగానే అప్పుడే వచ్చేశాడా అని ప్రాణం ఉసూరుమనేది. ఆ తర్వాత ఆయన రాక ఆలస్యమవుతూ వచ్చింది. పని ఎక్కువైందేమో అనుకున్నాం. టీ చల్లారిపోతోందని నాయనమ్మ సణిగేది. నా నూలు చిలపలు మాత్రం బిస్కెట్ల డబ్బాలో పెరుగుతూ పోయాయి.

ఒకనాటి సాయంత్రం బన్సీలాల్‌పేట్ నుంచి పెద్దమ్మ వచ్చింది. తాతయ్యను త్వరగా పిల్చుకురమ్మని నాయనమ్మ నన్ను తరిమింది. వర్క్‌షాపు దాకా పోనక్కర్లేకపోయింది. మా వీధి మలుపులో, కల్వర్టు గోడ మీద, పక్కన టిఫిన్ డబ్బా పెట్టుకుని, మోకాళ్ళు ఒత్తుకుంటూ తాతయ్య కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి మా గుమ్మం కనబడుతూనే ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని నేను హడలిపోయాను.

"పానం మంచిగనే ఉన్నది," అన్నాడు సిగ్గుపడుతూ. "నేనొస్తే నువ్వు బంద్ చేస్తవ్ గద. గందుకే రోజు జెరంత ఆగి వస్తున్న."

పొద్దంతా నిలబడి పనిచేసే మనిషి. నాకు ఏడుపు ఆగలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన అక్కడ కూర్చుని ఉంటాడని తెలిశాక దారం తెగినా విసుక్కోవడానికి మనసొప్పేది కాదు.

తువ్వాలు వచ్చింది. మొదట్లో వడికిన నూలు పురికొసంత లావు కాబట్టి ఒక కొస గోనెపట్టాలా ఉండేది, రెండో కొస మెత్తగా, సన్నగా. తాతయ్య ఆ గోనెపట్టా కొసనే ముందుకు వేసుకుని, ఛాతీ విరుచుకుని వర్క్‌షాపుకు పోయాడు. నాయనమ్మ కూడా, మొండిది సాధించింది అని కుళాయి దగ్గర తనే చాటింపు వేసింది.

ఇప్పుడు అల్వాల్‌లో ఉంటున్నాను. ఈ వయసులోనూ సాయంత్రం కాసేపు పెట్టెరాట్నం ముందు కూర్చుంటాను. మా ఇంట్లో పిల్లలందరికీ నా నూలుతో నేసిన దుప్పట్లున్నాయి. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, ఆరంభశూరురాలినన్న పేరు ఎప్పుడో పోయింది. అయినా ఒక్కోరోజు చేయి మొరాయిస్తుంది, ఇవాళ్టికి వదిలేద్దామనిపిస్తుంది. అప్పుడు, కాళ్ళు పీకుతున్నా, ఇల్లు కళ్ళ ముందే ఉన్నా, నా కోసం లోపలికి రాకుండా కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చుంటాను.